కొత్త పోయింది

2004 నవంబరులో చైనాలోని చాంగ్షా నగరంలో ఒక హోటల్ గదికి అనాథాశ్రమం ఆయా వచ్చి, పద్నాలుగు నెలల పాపని ఒక తెలుగావిడ చేతుల్లో పెట్టింది. ఆవిడా, భర్తా న్యూజెర్సీలో స్థిరపడ్డవాళ్లు. పెళ్లయిన తొమ్మిదేళ్లకి ఒళ్లోకి వచ్చిన బిడ్డ. చలికి నాలుగు పొరల బట్టలు తొడిగి తెచ్చారు. పాప ఏడవలేదు. ఎత్తుకున్నావిడ మొహం వంకా చూడలేదు. గోడ గడియారాన్నే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు సర్కారు ఆఫీసులో దత్తత రిజిస్టరైంది. ఆశ్రమానికి విరాళంగా మూడు వేల డాలర్లు, మడత పడని కొత్త నోట్లు, కవర్లో పెట్టి ఇచ్చారు. అప్పట్లో దత్తతకొచ్చే విదేశీయులంతా ఇచ్చుకునేదే అది. ఫైల్లో పాప పుట్టుక కథ రెండు ముక్కల్లో తేలిపోయింది: సంత గేటు దగ్గర దొరికింది. కన్నవాళ్ల ఆచూకీ తెలియలేదు.

పాప పాస్‌పోర్టు చేతికొచ్చాక గ్వాంగ్‌జౌ వెళ్లారు. అప్పట్లో అమెరికాకి దత్తత వెళ్లే పిల్లల వీసాలన్నీ అక్కడే. పెర్ల్ నది ఒడ్డున షామియన్ దీవిలో అమెరికా కాన్సులేట్, దాని చుట్టూ హోటళ్లు, మర్రిచెట్ల నీడన పిల్లల బళ్లు తోసుకుంటూ తిరిగే కొత్త అమ్మానాన్నలు. వీళ్లు ఏడు రాత్రులు ఉన్నారక్కడ. పాపకి కొత్త పోయింది ఆ వారంలోనే.

పాలు మీరే పట్టండి, స్నానం మీరే చేయించండి, వేరే ఎవరి చేతికీ ఇవ్వకండి అని ఏజెన్సీ వాళ్లు ముందే చెప్పి పంపారు. ఆశ్రమంలో పాలల్లో బియ్యప్పిండి కలిపి, పీకకి పెద్ద కంత చేసి పట్టేవారట. పాప గటగటా తాగేసేది. సీసా తీసేస్తే ఇంకా కావాలని చెయ్యి చాచేది కాదు. అడిగితే వచ్చేవాళ్లు ఉంటారని ఆ పిల్లకి తెలియదు.

గుడివాడ నుంచి అమ్మమ్మ ఫోన్లో చెప్పింది. "సీసా దాని చేతికివ్వకే అమ్మాయ్. ఒళ్లో పడుకోబెట్టుకుని, నీ మొహం కనబడేటట్టు పట్టు. ఒంటికి నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పొయ్యి. రెండ్రోజుల్లో నీ వాసన పట్టేస్తుంది."

అలాగే చేసింది. ఆ హోటల్ బాత్రూములో కాళ్లు చాపుకుని కూర్చుని, పాపని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది. పొద్దున్న టిఫిన్ దగ్గర దొరికే బియ్యం జావని ఆయన వేలితో చల్లార్చి, చెంచాడు చెంచాడు పెట్టేవాడు. రెండో రోజు పాప ఆయన కళ్లజోడు లాగింది. ఆయన వంగి మళ్లీ అందిచ్చాడు. మూడో రాత్రి నిద్రలో ఉలిక్కిపడి ఏడిస్తే గుండెల మీద వేసుకుని తెల్లవార్లూ నడిచాడు.

నాలుగో రోజు వీసా కోసం వైద్య పరీక్ష. బరువు చూడడానికి నర్సు చేతులు చాపగానే పాప కెవ్వుమంది. అమ్మ చొక్కా కాలరు పిడికిట్లో పట్టుకుని వదల్లేదు. నర్సు ఒక్కో వేలూ విప్పాల్సి వచ్చింది.

"ఏమండీ, నా కోసం ఏడుస్తోందండీ!" అంటూ ఆవిడా ఏడ్చేసింది.

కాన్సులేట్‌లో కుడిచెయ్యెత్తి, కాగితాల్లో ఉన్నదంతా తమకు తెలిసినంతవరకు నిజమేనని ప్రమాణం చేశారు. హోటల్ ఖాళీ చేసేటప్పుడు ఆయన 6,140 యువాన్లు కట్టి, "ఇంత సంతోషంగా ఎప్పుడూ ఏ బిల్లూ కట్టలేదోయ్" అన్నాడు. ఆ బిల్లుని ఆవిడ పాప ఆల్బమ్‌లో మొదటి పేజీలోనే అంటించింది. రాత్రిపూట కథలు చెప్పమంటే పాప ఆ ఆల్బమే తెచ్చేది. ఆయన వేలు పెట్టి చూపించేవాడు: "ఇదిగో, నువ్వు మాకు చేరికైన వారం. ఆరు వేల నూట నలభై." అక్షరాలు రాకముందే ఆ అంకె దానికి నోటికొచ్చేసింది.

2011లో చైనా పత్రిక కైషిన్ ఒక కథనం వేసింది. హునాన్ రాష్ట్రంలోని లుంగ్‌హుయ్ ప్రాంతంలో కుటుంబ నియంత్రణ అధికారులు, ఎక్కువ సంతానానికి జరిమానా కట్టలేని ఇళ్ల నుంచి పసిపిల్లల్ని ఎత్తుకెళ్లి ఆశ్రమానికి అప్పగించారని, వాళ్లు అనాథలుగా విదేశాలకు వెళ్లారని. 1992 నుంచి ఆ దేశం వదిలి లక్షన్నరకు పైగా పిల్లలు దత్తత వెళ్లారు. వాళ్లలో నిజంగా దిక్కులేని వాళ్లెందరో, దిక్కు ఉండీ లేకుండా చేయబడ్డ వాళ్లెందరో ఫైళ్లు చెప్పవు. 2024లో చైనా ఈ దత్తతలకు తెర దించింది. తలుపు మూసినంత మాత్రాన, వెళ్లిపోయిన పిల్లలకి సమాధానం దొరకదు. ఆ సమాధానం వాళ్లకి బాకీ ఉంది.

ఆ కథనం చదివిన రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. పాప ఫైలు మీదున్న ఊరూ ఆ చుట్టుపక్కలదే. పెద్దయ్యాక వెతుకుతానంటే అడ్డు చెప్పకూడదని భార్యాభర్తలు ఆ రాత్రే అనుకున్నారు. మాట నిలబెట్టుకున్నారు. డీఎన్ఏ పరీక్ష చేయించారు. పిల్లలు పోయిన తల్లిదండ్రుల నమూనాలు సేకరించే కార్యకర్తల పుణ్యమా అని కన్నవాళ్ల నమూనాతో సరిపోయింది. 2019 వేసవిలో, పదిహేనేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని ముగ్గురూ హునాన్ కొండల్లోని ఆ పల్లెకి వెళ్లారు.

కన్నతల్లి మొదట మాట్లాడలేకపోయింది. పిల్ల చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత దుబాసీ ద్వారా చెప్పింది. "నాలుగు నెలల పిల్లవి. నా చొక్కా పట్టుకుని వదల్లేదు. వేళ్లు వాళ్లే విప్పారు."

న్యూజెర్సీ అమ్మ చెయ్యి తన కాలరు మీదికి వెళ్లింది.

కన్నతండ్రి లోపలికెళ్లి ఒక పాత కాగితం తెచ్చాడు. మూడో సంతానానికి వేసిన జరిమానా నోటీసు. "కట్టి తీసుకెళ్లమన్నారు. ఊరూరా తిరిగి అప్పు చేశాను. డబ్బు పట్టుకుని వెళ్లేసరికి, పిల్ల ఆశ్రమానికి వెళ్లిపోయింది, ఇక కుదరదన్నారు."

"ఎంత వేశారు?" అని అడిగింది కూతురు.

"ఆరు వేల యువాన్లు."

డాలర్లలో ఎంతవుతుందో చెబుదామని దుబాసీ ఫోన్ తీసింది. అక్కర్లేదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, కూతురు తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, మన హోటల్ బిల్లు కంటే నూట నలభై తక్కువ."