ముందు నన్ను విప్పకండి

నేను డీజిల్ పంపుని. పాత అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్కన నాలుగు సన్నటి ఇనుప పైపులు బయల్దేరే చోట కనిపిస్తాను. మెకానిక్కులు రోటరీ పంపు అంటారు, పుస్తకాల్లో నా పేరు డీపీఏ. ఒక్కో సిలిండరుకీ ఒక్కో ప్లంజరు పెట్టే పద్ధతి కాదు నాది. నాలో తిరిగే రోటరులో రెండు ప్లంజర్లు ఎదురెదురుగా ఉంటాయి. నాలుగు సిలిండర్లకూ వంతుల ప్రకారం డీజిలు పంచేది ఆ రెండే. ఈ తరహా పంపుకు రూపమిచ్చినవాడు వెర్నాన్ రూసా అనే అమెరికా ఇంజినీరు. నేనున్నది 1489 సీసీ డీజిల్ ఇంజిన్ మీద. ఉత్తరపారలో 1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్లలో టాక్సీవాళ్లు ఏరికోరి కొనుక్కున్న రకం అది.

నాకు విడిగా ఆయిలు పొయ్యరు. నేను పంచే డీజిలే నా లోపలి భాగాలకు కందెన. అందుకే డీజిలుతో పాటు గాలి వస్తే బండి ఆగిపోవడం ఒక్కటే కాదు, నా ఒళ్లు కూడా అరుగుతుంది. ఇంత చెప్పడం ఎందుకంటే, కారు కింద తడి కనబడినా, పొద్దున్నే స్టార్టు కాకపోయినా అందరి నోటా వచ్చే మొదటి మాట ఒకటే: "పంపు పోయింది." నన్ను విప్పేస్తారు. దుమ్ములో, నూనె గుడ్డ మీద పరిచి విప్పుతారు. వెంట్రుక కూడా దూరని సందుల్లో పనిచేసే దాన్ని. అలా విప్పితే, నిజంగా పోకపోయినా ఆ రోజుతో పోతాను.

మా యజమాని రిటైరైన మాస్టారు. బండిని విజయవాడ ఆటోనగర్‌కి తీసుకొచ్చినప్పుడు ఆయన చెప్పిన లక్షణాలు మూడు. రాత్రంతా నిలిపితే పొద్దున్న సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, కాసేపు ఆడి ఆగిపోతుంది. తర్వాత ఎంత కొట్టినా రాదు. లోపల కూర్చుంటే డీజిలు వాసన.

"పంపు బెంచి మీదికి పంపేద్దామా మేస్త్రీ?"

"తొందరపడకండి మాస్టారూ. ట్యాంకు దగ్గర్నుంచి పంపు దాకా ఎన్ని జాయింట్లున్నాయో ముందు చూద్దాం."

ఆ మాటకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మేస్త్రీ మొదటే స్పానరు పట్టలేదు. ఇంజిన్ చల్లారాక పాత జిడ్డంతా కడిగించి, గాలి కొట్టి ఆరబెట్టించాడు. జాయింట్ల మీద ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లాడు. జిడ్డు మీద కొత్త తడి కనబడదు. పైగా డీజిలు పైన కారి, పైపు వెంట పాకి, అడుగున చుక్క కడుతుంది. చుక్క పడే చోటు వేరు, పుట్టే చోటు వేరు. ఇంజిన్ ఆడుతుంటే తెల్లటి పౌడరు మీద మూడో నాజిల్ దగ్గర ముందుగా ఒక నల్లటి చార కనిపించింది. అది రిటర్న్ పైపు బాంజో బోల్టు. దాని రాగి వాషరు ఎన్నిసార్లు బిగించారో, రాయిలా గట్టిపడి ఉంది. అలాంటి దాన్ని ఇంకా బిగిస్తే బోల్టు తెగుతుంది గానీ లీకు ఆగదు. కొత్తది వెయ్యాలి. చేతిలో కొత్తది లేకపోతే పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే రాగి మళ్లీ మెత్తబడుతుంది. మేస్త్రీ కొత్తదే వేశాడు.

నాజిల్ పైపు చుట్టూ చెయ్యి తిప్పి తడి వెతకబోయిన కుర్రాణ్ణి ఆయన గట్టిగా కేకలేశాడు. ఆ కేక న్యాయమైనదే. నానుంచి నాజిల్‌కి వెళ్లే పైపుల్లో ఒత్తిడి నూరు అట్మాస్ఫియర్లు దాటుతుంది. అక్కడ సన్నటి చీలిక ఉంటే వచ్చే ధార కంటికి ఆనదు, చర్మంలోంచి దూసుకుపోతుంది. పైన చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లి వేలు తీసేయాల్సి రావచ్చు. అలా గుచ్చుకుంటే నొప్పి లేదని ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. వెతకడానికి చెయ్యి కాదు, అట్టముక్క వాడాలి.

వాసన పోయింది. కానీ పొద్దుటి ఇబ్బంది అలాగే ఉంది. నాకు తెలుసు, నా దగ్గరికి బుడగలు వస్తూనే ఉన్నాయి. మేస్త్రీ నాలోకి డీజిలు వచ్చే దారిలో ఒక జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు తగిలించాడు. సెల్ఫ్ కొట్టగానే ఆవగింజల్లా బుడగలు వరుస కట్టి లోపలికి వచ్చాయి. ముందు ఫిల్టరు విప్పారు. ఎలిమెంటు మార్చినప్పుడు ఎవరో పాత రబ్బరు రింగు తియ్యకుండా దానిమీదే కొత్తది కూర్చోబెట్టారు. అది సరిచేశాక బుడగలు తగ్గాయి, ఆగలేదు.

అప్పుడాయన కారు వెనక ట్యాంకు నుంచి వచ్చే లైనే ఊడదీసి, ఒక క్యానులో శుభ్రమైన డీజిలు పోసి, ట్యాంకు నుంచి పీల్చి నాకు అందించే ఫీడ్ పంపుకి దాన్నుంచే పైపు పెట్టాడు. బుడగ లేదు! అంటే జబ్బు ఫీడ్ పంపుకి వెనకే ఉంది. వెతికితే ఛాసిస్ పక్కన రబ్బరు గొట్టం క్లిప్పు కింద వంగిన చోట చిట్లి ఉంది. అక్కడ చుక్క తడి లేదు. ఫీడ్ పంపు పీల్చే వైపు కాబట్టి ఇంజిన్ ఆడినప్పుడు డీజిలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. బండి ఆగితే ఆ గాలి వల్లే డీజిలు ట్యాంకులోకి జారిపోతుంది. తడి లేని లీకు ఎక్కువమందిని మోసం చేసేది ఇలాగే. గొట్టం మార్చి, ఫిల్టరు దగ్గరా నా దగ్గరా స్క్రూలు వదులు చేసి, బుడగ రాని దాకా ఎయిర్ తీశారు.

నాలో మాత్రం లోపం లేదా అంటే, ఉంది. యాక్సిలరేటరు లివరు తిరిగే కుదురు దగ్గర చెమ్మ పట్టేది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిలు వచ్చింది, గంధకం మిలియనుకు 50 పాళ్ల నుంచి 10కి తగ్గింది. ఊళ్లలో గాలికి అది మంచిదే. కానీ గంధకం తీసే శుద్ధిలో రబ్బరును ఉబ్బించి ఉంచే పదార్థాలూ కొంత తగ్గుతాయి. పాత డీజిలులో ఏళ్ల తరబడి నాని గట్టిపడ్డ ఓ-రింగులు అలాంటి డీజిలులో కుంచించుకుపోవచ్చు. ఆ చెమ్మ చూసి మేస్త్రీ ఇంజిన్ ఆయిల్ గేజ్ కూడా తీసి వాసన చూశాడు. ఆయిలు మట్టం పెరిగి ఉంది, పల్చబడి డీజిలు కంపు కొడుతోంది. నన్ను తిప్పే షాఫ్టు సీలు కూడా పోయిందన్నమాట. ఆ లీకు నేల మీద పడదు, ఇంజిన్ ఆయిల్లో కలిసి బేరింగులను తినేస్తుంది.

ఈసారి నన్ను విప్పక తప్పలేదు. టైమింగు గీతకి ఎదురుగా గుర్తు పెట్టి దించి, పంపు షాపుకి తీసుకెళ్లారు. శుభ్రమైన బల్ల మీద వైటాన్ రబ్బరు రింగులు, కొత్త సీలు వేసి, టెస్ట్ బెంచి మీద నాలుగు గొట్టాలకూ డీజిలు సమానంగా వస్తోందో లేదో కొలిచారు. తిరిగి గుర్తుకి గుర్తు కలిపి బిగించాక కుర్రాడు తాళం తిప్పబోయాడు.

"ఆగరా," అన్నాడు మేస్త్రీ, "ముందు ఆ ఆయిలు దించు. కొత్త ఆయిలు పోశాకే సెల్ఫ్."