కోచింగ్ సెంటర్‌కు డేటాబేస్: కూర్చోబెట్టి కూల్చే చిట్కాలు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ సాఫ్ట్‌వేర్ పని దొరికిందా? శుభం. దోమలగూడ గదిలో ఫ్యాన్ కింద పడుకునే పూర్తి చేసేయొచ్చు.

1. ఓనరును ఏమీ అడగకండి. "సార్, ఒక స్టూడెంట్ ఎన్ని బ్యాచుల్లో ఉండొచ్చు?" అన్నారా, మీకు పని రాదని తెలిసిపోతుంది. ఒకరికి ఒకటే అని మీరే తేల్చేయండి. గ్రూప్-2కు చదివే పిల్ల గ్రూప్-3 కూడా రాస్తుందని అక్కడి టీ కొట్టు వాళ్లకూ తెలుసు. మీరు మాత్రం తెలియనట్టుండండి. ఆమె రెండో బ్యాచ్‌లో చేరితే స్పెల్లింగు మార్చి మళ్లీ ఎక్కించండి. లక్ష్మి ఫీజు కట్టేసింది, లక్ష్మీ బాకీ ఉంది. అడ్మిషన్లు పెరిగాయని ఓనరు మురిసిపోతాడు.

2. ఒకరికి పలు బ్యాచులు, ఒక బ్యాచ్‌లో పలువురు తప్పదంటే, అంటే మెనీ-టు-మెనీ వస్తే, మధ్యలో ఇంకో టేబుల్ పెట్టాలంటారు చాదస్తులు. వద్దు. విద్యార్థి వరసలోనే బ్యాచ్ నంబర్లన్నీ కామాలు పెట్టి కుక్కండి: 112, 47, 9. రేపు 12వ బ్యాచ్ కోసం వెతికితే 112 వాళ్లూ తగులుతారు. క్లాసు రద్దన్న మెసేజ్ అందరికీ పోతుంది, కాసేపు అందరికీ పండగే. ఎవరు ఏ బ్యాచ్‌లో ఎప్పుడు చేరారో రాసుకునే చోటు ఆ మధ్య టేబులే. అది లేదు కనుక ఆ గొడవా లేదు.

3. హాస్టల్ గది త్రీ షేరింగ్. గది నంబరును విద్యార్థి వరసలో రాస్తే ముగ్గురూ పడతారు, అందులో మజా ఏముంది? తిప్పి రాయండి. గది వరసలో విద్యార్థి నంబరుకు ఒక్కటే గడి. మూడోవాడు దిగగానే ముందున్న ఇద్దరూ మాయం. గది అద్దె మొత్తం వాడి నెత్తినే.

4. ఫోన్ నంబరును యూనిక్ చేయండి, ఒక నంబరు ఒక్కరికే. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ నాన్న నంబరే ఇస్తే చెల్లిని కొత్త సిమ్ కొనుక్కు రమ్మనండి.

5. ఏ టేబుల్ దేనితో ఎలా ముడిపడుతుందో చూపే బొమ్మ (ఈఆర్ డయాగ్రమ్) గీయకండి. ఆ బొమ్మను తెచ్చిన పీటర్ చెన్ 1976లో గీతల మీద ఒకటి, అనేకం అని తెలిపే 1, ఎన్, ఎమ్ రాసి చూపించాడంటే ఆయనకు తీరిక ఉంది. మీకు నారాయణగూడలో చాయ్ ఉంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు అసలే పోవద్దు. ఒక పుస్తకం ఎన్ని చేతులు మారుతుందో, ఒక పాఠకుడు ఎన్ని పుస్తకాలు తిరగేస్తాడో కళ్లారా చూస్తే విషయం అనవసరంగా అర్థమైపోతుంది.

6. ఫోన్ మోగితే వరసగా చెప్పండి: "డేటా ఎంట్రీలో తప్పు", "సర్వర్ స్లో", "వెర్షన్ టూలో చేసేద్దాం సార్".

రాజీనామా ఉత్తరం మాత్రం ఇప్పుడే ప్రింటు తీసి ఉంచుకోండి. నోటిఫికేషన్ పడ్డాక అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు ఖాళీగా దొరకదు.