కిలోమీటరుకింత ఖండన

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర బోర్డును నిలబడి చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఫాస్టాగ్ పలికిందా, గేటు లేచిందా, కోదాడ వైపో నందిగామ వైపో పోయామా, అంతే. ఓపిక చేసుకుని చదివితే మాత్రం తెలుగు రాజకీయం సగం అక్కడే అర్థమవుతుంది. ఎవరెవరు రుసుము కట్టనక్కర్లేదో రూల్సులో ఒక జాబితా ఉంది. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నరు, ముఖ్యమంత్రి, ఇలా దిగుతూ దిగుతూ ఎమ్మెల్యే దగ్గరికి వచ్చేసరికి ఒక మెలిక. ఆయనకు మినహాయింపు సొంత రాష్ట్రంలోనే. గరికపాడు దాటి తెలంగాణలో అడుగుపెట్టాడంటే మనలాగే జేబు తడుముకోవాలి.

జాతి విద్వేషం, కుల విద్వేషం, తీవ్రవాదం వగైరాలను ఖండించే విషయంలోనూ మన నాయకులు ఇదే రూలు పెట్టుకున్నారని నా అనుమానం. సొంత రాష్ట్రంలో జరిగినదానికి పూర్తి మినహాయింపు. సరిహద్దు దాటిన దగ్గర్నుంచీ కిలోమీటరుకింత చొప్పున గొంతు పెరుగుతుంది. సముద్రం దాటిందా, ఇక ఆపేవాడుండడు.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, ఒలేతా ఊళ్లో శ్రీనివాస్ కూచిభొట్ల అనే ఇంజనీరును బార్‌లో కాల్చి చంపారు. వయసు 32. గార్మిన్ కంపెనీలో ఉద్యోగం. అమ్మానాన్నలు హైదరాబాదులో ఉంటారు. కాల్చినవాడి పేరు ఆడమ్ ప్యూరింటన్. నా దేశం వదిలి పొమ్మని అరిచి మరీ కాల్చాడు. పక్కనే ఉన్న స్నేహితుడు గాయపడ్డాడు. అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికా కుర్రాడికీ తూటా తగిలింది. ట్రంపు గారు గద్దెనెక్కి అప్పటికి నెల. వలస వచ్చినవాళ్ల మీద ఆయన మాట్లాడిన మాటలకూ దీనికీ సంబంధం ఏమైనా ఉందా అని విలేకర్లు అడిగితే, వైట్‌హౌస్ ప్రతినిధి షాన్ స్పైసర్ అర్థం లేని మాట అన్నట్టు కొట్టిపారేశాడు. ట్రంపు నోరు తెరవడానికి ఆరు రోజులు పట్టింది. 28న చట్టసభల ఉమ్మడి సమావేశంలో ఆ ఊసెత్తి, ఒక ముక్కతో సరిపెట్టాడు.

మన వెంకయ్యనాయుడు గారు అప్పుడు కేంద్రమంత్రి. ఇలాంటివి సిగ్గుచేటనీ, అమెరికా అధ్యక్షుడూ యంత్రాంగమూ పౌర సమాజమూ శషభిషలు లేకుండా ఖండించాలనీ ఆయన అన్నారు. నూటికి నూరుపాళ్లూ సరైన మాట. నాకు అందులో ఒక్క అక్షరంతోనూ పేచీ లేదు.

ఆ వారమంతా చిల్లకల్లు సెంటర్లో టీకొట్టు దగ్గర అమెరికా వ్యవహారమే నడిచింది. నడవదా మరి! పత్తి అమ్మో మిర్చి అమ్మో పొలం తాకట్టు పెట్టో పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లు ఈ మెట్టలో తక్కువేం లేవు. డల్లాస్‌లో రెండో కొడుకున్న పత్తి వ్యాపారి బాబాయి ఆవేశం పట్టలేకపోయాడు.

"పైనున్నవాడు నోరు విప్పాలిరా అబ్బాయ్. ఆయన గమ్మునుంటే కిందోడికి ధైర్యం వస్తది. ఇంత చిన్న లెక్క తెలీదా?"

రిటైరైన మాస్టారు ఒప్పుకోలేదు. "పట్టుకున్నారుగా బాబాయ్, కోర్టు చూసుకుంటుంది. ప్రతిదానికీ అధ్యక్షుడే లేచి మాట్లాడితే ఇంకో పదిమంది రెచ్చిపోతారు."

"ప్రాణం పోయాక కోర్టు ఏం చూస్తది మాస్టారూ? ముందు తప్పు తప్పని చెప్పాలి. ఓట్లు పోయినా సరే చెప్పాలి."

ఓట్లు పోయినా సరే! ప్రపంచమంతా పెద్దపెద్ద పండితులు తలలు బద్దలుకొట్టుకుంటున్న ప్రశ్నకు మా బాబాయి రెండు గుక్కల మధ్య జవాబు చెప్పేశాడు. కాన్సస్‌లో కోర్టు కూడా బాగానే చూసింది. ఏడాదిన్నర తిరిగేలోపు, 2018లోనే రాష్ట్ర కోర్టు ఒకటి, ఫెడరల్ కోర్టు ఒకటి ప్యూరింటన్‌కి జీవిత ఖైదులు వేశాయి. ట్రంపు పార్టీకే చెందిన ఆ రాష్ట్ర గవర్నరు శామ్ బ్రౌన్‌బ్యాక్, 2017 మార్చి 16ను కాన్సస్‌లో భారతీయ అమెరికన్లను గౌరవించే రోజుగా ప్రకటించాడు. అంటే అక్కడ కూడా అందరూ ఒక్కలా లేరన్నమాట.

బాబాయి సిద్ధాంతాన్ని జేబులో పెట్టుకుని అయిదేళ్లు ముందుకు రండి.

2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కృష్ణా జిల్లా మెట్టవాళ్లం కాస్తా రాత్రికి రాత్రి ఎన్టీఆర్ జిల్లా వాళ్లమయ్యాం. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది, అదో తమాషా. విజయవాడ కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాకే వంగవీటి రంగా పేరు పెట్టాలని కొందరు అడిగారు. వినతిపత్రాలు వెళ్లాయి, వాదనలు జరిగాయి, టీలు చల్లారాయి. ఎవరి ఇల్లూ తగలబడలేదు.

మే 18న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. అభ్యంతరాలుంటే 30 రోజుల్లో తెలపమన్నారు. ఆరో రోజుకే తెలిపారు, అగ్గిపుల్లతో. మే 24న అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాలాయి, పోలీసుల తలలు పగిలాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేస్తే, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు సంకన పెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్ల వెంట తిరిగారు.

ఇక నాయకుల స్పందన. హోంమంత్రి తానేటి వనిత గారు తెలుగుదేశం, జనసేనల వైపు వేలు చూపారు. తెలుగుదేశం, జనసేన ప్రభుత్వం వైపు చూపాయి. ఆ పేరు పెట్టమని మేమే అడిగామని అన్ని పార్టీలూ గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పాయి. మరి ఇన్ని పార్టీలు కోరిన పేరును వద్దన్నది ఎవరయ్యా? ఏ పార్టీకీ చెందని వేలాదిమంది కోనసీమలో ఎక్కడ దాక్కున్నారు? "అంబేడ్కర్ పేరంటే మీకెందుకు మంట? మీరు చేసింది తప్పు" అని ఊరేగింపులో నడిచిన తన ఓటర్ల మొహం చూసి చెప్పిన నాయకుడెవరైనా ఉంటే, ఆ మాట నా చెవిన మాత్రం పడలేదు. కుట్ర అన్నారు, అసాంఘిక శక్తులు అన్నారు, సంయమనం అన్నారు. ఈ అసాంఘిక శక్తులు అనేవాళ్లు ఎవరో గానీ, వాళ్లకు కులం ఉండదు, ఊరుండదు, ఓటరు కార్డు అసలే ఉండదు.

అసలు చమత్కారం 2023 మార్చిలో జరిగింది. ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి గారు కోనసీమ నుంచి ఆయా వర్గాల పెద్దల్ని పిలిపించి, కలిసిమెలిసి ఉండమని చెప్పి, ఆ కేసులు ఎత్తేస్తామని ప్రకటించారు. మంచిదే, ఊరు చల్లబడాలి. కానీ తర్కం అడ్డం తిరుగుతోంది. తగలబెట్టించింది ప్రతిపక్షాలే అయితే, ఆ కుట్రదారుల మీది కేసులు ప్రభుత్వం ఎందుకు ఎత్తేస్తుంది? కుట్ర కాదు, మనవాళ్ల పిల్లలే అయితే, ఆ మాట ముందే చెప్పొచ్చుగా?

ఈ ముక్కే టీకొట్టు దగ్గర అడిగాను. ఈసారి బాబాయీ మాస్టారూ ఒక్కటైపోయారు.

"అది వేరురా. వాళ్లంతా బీటెక్ కుర్రాళ్లు. కేసుంటే పోలీసు వెరిఫికేషన్‌లో పాస్‌పోర్టు ఆగిపోతది. ఇక అమెరికా ఏం వెళ్తారు?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను. ఇక్కడ అంబేడ్కర్ పేరు మీద కోపంతో మంత్రి ఇంటికి నిప్పు పెట్టిన కుర్రాడు వీసా తెచ్చుకుని డల్లాస్ వెళ్లాలి. అక్కడ ఎవడైనా వీణ్ణి ఒంటి రంగు చూసి కసురుకుంటే అమెరికా అధ్యక్షుడు లేచి శషభిషలు లేకుండా ఖండించాలి. కేసుల ఎత్తివేత వెనక ఇంత దూరదృష్టి ఉందని నాకు తట్టనేలేదు.

ఎత్తేయడమే మేలనేవాళ్ల వాదన వినకుండా తోసిపుచ్చలేను. వందల మందిని కోర్టుల చుట్టూ తిప్పితే పగ పెరుగుతుంది, ఊళ్లో పక్కపక్కన బతకాల్సినవాళ్లు అంటారు. నిజమే. కానీ ఇల్లు కాలినవాణ్ణీ కాల్చినవాణ్ణీ ఒకే సోఫాలో కూర్చోబెట్టి ఫొటో తీయడాన్ని శాంతి అంటే, ఆ ఫొటోలో ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో కూడా చూడాలి కదా.

దూరం తగ్గేకొద్దీ గొంతు ఎలా పూడుకుపోతుందో తెలియాలంటే రోహిత్ వేముల సంగతి చాలు. గుంటూరు కుర్రాడు, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. 2015 ఆగస్టులో కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ గారు, ఆ విశ్వవిద్యాలయం కులవాద, తీవ్రవాద, జాతి వ్యతిరేక రాజకీయాలకు అడ్డాగా మారిందంటూ సాటిమంత్రి స్మృతి ఇరానీకి ఉత్తరం రాశారు. ఢిల్లీ నుంచి విశ్వవిద్యాలయానికి గుర్తుచేస్తూ మళ్లీ మళ్లీ లేఖలు వచ్చాయి. రోహిత్‌నీ మరో నలుగురినీ హాస్టల్ నుంచి గెంటేశారు. 2016 జనవరి 17న రోహిత్ ఉరి వేసుకున్నాడు. మన నాయకులంతా వెంటనే స్పందించారు, కాదనను. అయితే వాళ్లలో సగంమంది స్పందన కుర్రాడి కుల ధ్రువపత్రం మీదికి వెళ్లింది. వాడు ఎస్సీనా, బీసీనా? ఈ ఒక్క ప్రశ్న ఎనిమిదేళ్లు నడిచింది. 2024 మేలో, లోక్‌సభ ఎన్నికల పోలింగుకు పదిరోజుల ముందు, ఎస్సీ కాదంటూ కేసు మూసేస్తున్న తెలంగాణ పోలీసుల నివేదిక బయటికొచ్చింది. గొడవ రేగింది. తల్లి వెళ్లి ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిని కలిశారు. మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు.

చనిపోయినవాడి కులం తేలితేగానీ బాధపడాలో వద్దో తేలదు మరి. కాన్సస్‌లో ఈ చిక్కు రాలేదు. తహశీల్దారు కార్యాలయం లేని దేశం కాబట్టి, ప్యూరింటన్ ఏ ధ్రువపత్రమూ అడగకుండానే కాల్చాడు, మనమూ ఏ ధ్రువపత్రమూ అడగకుండానే ఖండించాం.

తీవ్రవాదం గురించి మన పార్టీల అవగాహన అంతకంటే హాయిగా ఉంటుంది. ఎన్టీఆర్ గారు అధికారంలోకి రాకముందు నక్సలైట్లు దేశభక్తులన్నారు. వచ్చాక వాళ్లు శాంతిభద్రతల సమస్య అయ్యారు. 2004 అక్టోబరులో వైఎస్ ప్రభుత్వం అన్నలతో ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడింది. 2005 ఆగస్టులో నిషేధం పెట్టింది. మాట్లాడాలా, అణచాలా అని అర్ధ శతాబ్దంగా తెగని వాదన. మంచిదే, తెగకపోయినా వాదన అయితే జరిగింది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపినవాళ్లను మాత్రం ఎవరూ తీవ్రవాదులనలేదు. నిషేధించాలో చర్చించాలో అన్న మీమాంసా రాలేదు. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 దాకా పట్టింది. ఈలోపు 1989లో పీపుల్స్ వార్ నక్సలైట్లు ఎన్టీఆర్ గారి వియ్యంకుడు దగ్గుబాటి చెంచురామయ్యను చంపారు. ఆ హత్యకు తీవ్రవాదం అన్న పేరు వెంటనే దొరికింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపితే, ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో శిక్షలు వేశారు. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అదీ తీవ్రవాదం కాదు. ఊళ్లో గొడవ.

అమెరికా వెళ్లినా మన రూలు మనతోనే వస్తుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ అలాంటిదే ఒక బిల్లు పాస్ చేస్తే, అక్కడి భారతీయులే రెండు ముక్కలై కొట్లాడుకున్నారు. అక్టోబరులో గవర్నరు న్యూసమ్, ఉన్న చట్టాలు చాలునంటూ దాన్ని తిప్పి పంపాడు. ఉన్న చట్టాలు చాలట! చట్టం తన పని తాను చేసుకుపోతుందని మన మంత్రులు విలేకర్ల ముందు చెప్పే మాటను ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో గానీ, మా బాబాయికి భలే నచ్చేశాడు. "పెద్దమనిషిరా. కెలక్కుండా వదిలేశాడు."

మొన్న మండల స్థాయి నాయకుడొకాయన పీఏ మా ఇంటికొచ్చాడు. ఆస్ట్రేలియాలో ఎవరో మనవాళ్లను తిట్టారట, గట్టిగా ఒక ఖండన రాసి పెట్టమన్నాడు. రాశాను. అమానుషం, ఆటవికం, నాగరిక సమాజం తలదించుకోవాలి, అన్నీ వేశాను. చదువుకుని మురిసిపోయాడు.

"అది సరేగానీ, పక్క ఊళ్లో అంబేడ్కర్ జయంతి ఫ్లెక్సీ చించారనీ కుర్రాళ్లు తలలు పగలగొట్టుకున్నారనీ విన్నాను. దానికీ ఒకటి రాయమంటావా?"

"అబ్బే, అది మన మండలమేగా సార్. పేపర్లో వేయించేదాకా ఎందుకండీ? రెండు వర్గాలవాళ్లనీ కూర్చోబెట్టి భోజనాలు పెట్టించేస్తామన్నారు అన్న."

"మంచిపని. ఎప్పుడూ?"

"రెండుసార్లు వాయిదా పడిందండీ. వంట ఎవరు చేయాలన్న దగ్గర ఆగింది."