గోప్యతకు గ్రూప్ ఫొటో

నెలలో మొదటి బుధవారం వచ్చిందంటే కాలేజీల్లో సైబర్ జాగరూకతా దివస్ అనే తద్దినం ఎలాగూ ఉంది. యూజీసీ పెట్టమంది, కాలేజీలు పెడుతున్నాయి. 2025 నవంబరులో డేటా రక్షణ నియమాలు కూడా గెజిట్‌కెక్కడంతో ఆ విస్తట్లోకి సమాచారానికి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ అనే కొత్త వంటకం వచ్చి చేరింది. ముగ్గులో తాళంకప్ప, పోస్టర్లో తాళంచెవి, మైమ్‌లో నల్ల టోపీ హ్యాకర్. రేపోమాపో బుర్రకథ కూడా కట్టించి, తందాన తానల మధ్య పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ పాడిస్తారు. సృజనాత్మకతకు కొదవేముంది!

పోటీలో చేరాలంటే గూగుల్ ఫారం నింపాలి. పేరు, రోల్ నంబరు, సెల్ నంబరు, మెయిల్, పుట్టిన తేదీ. నింపగానే వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. అందరి నంబర్లూ అందరికీ ప్రసాదం. ముక్కూమొహం తెలియనివాళ్లకు వివరాలివ్వొద్దని స్లైడు చూపించాక ఫీడ్‌బ్యాక్ ఫారం వస్తుంది. మళ్లీ అవే వివరాలు. ఇవ్వకపోతే ఈ-సర్టిఫికెట్ రాదు. పిల్లల్ని ముగ్గులోకి దించడమంటే ఇదే కాబోలు.

అసలు ఘట్టం ఫొటో. కార్యక్రమం జరిగిందని కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు నమ్మాలంటే జియోట్యాగ్ ఫొటో ఉండాలి. అందుకోసం లెక్చరర్లంతా ఫోన్లలో ఒక జీపీఎస్ కెమెరా యాప్ వేసుకుంటారు. అది ఫొటో అడుగున ఒక పట్టీ అచ్చు వేస్తుంది: బుల్లి మ్యాపు, వీధి, ఊరు, పిన్‌కోడు, అక్షాంశం, రేఖాంశం, తేదీ, నిమిషాలతో సహా టైము. పట్టీకి పైన ముగ్గు చుట్టూ కూర్చుని ఆడపిల్లలు నవ్వుతుంటారు. ముగ్గులో రంగులతో దిద్దిన అక్షరాలు: ‘మీ లొకేషన్ ఎవరికీ షేర్ చేయకండి’.

ఆ అక్షాంశాన్ని దశాంశ బిందువు తర్వాత ఆరంకెల దాకా చూపిస్తారు. ఆరో అంకె అంటే నేలమీద సుమారు 11 సెంటీమీటర్లు, అర జానెడు. ఫోన్ జీపీఎస్‌కు అంత సత్తా లేదు, కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. పట్టీ దర్జా మాత్రం తగ్గదు. పొరపాటున మామూలు కెమెరాతో తీశారా, అందరినీ వెనక్కి పిలిచి మళ్లీ ముగ్గు చుట్టూ కూర్చోబెట్టాల్సిందే. గోప్యత గురించి చెప్పామనడానికి గోప్యత లేకపోవడమే సాక్ష్యం!

తర్వాత ఆ ఫొటో కాలేజీ నాణ్యతా విభాగమైన ఐక్యూఏసీ రిపోర్టులోకి ఎక్కుతుంది. పక్కనే సంతకాలు, ఫోన్ నంబర్లతో స్కాన్ చేసిన హాజరుపట్టీ. అంతా పీడీఎఫ్ చేసి కాలేజీ వెబ్‌సైట్లో పెడతారు. దానికి పాస్‌వర్డ్ కూడా ఉండదు.

ఇంత హంగామాలో చెప్పనిదల్లా పనికొచ్చే ముక్క. వాట్సాప్ సందేశాలన్నిటికీ 2016 నుంచీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లే బ్యాకప్‌కు మాత్రం 2021 దాకా ఆ సదుపాయమే లేదు. వచ్చాక కూడా ఎవరికి వాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. రెండు నిమిషాల పని. 2012 డిసెంబరులో హొనొలులులో క్రిప్టోపార్టీ పెట్టిన స్నోడెన్, తర్వాత అమెరికా నిఘా గుట్టు విప్పిన ఆయనే, వచ్చినవాళ్లకు హార్డ్ డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయడం నేర్పాడు. ఆయనకు ముగ్గు అవసరం పడలేదు.

ఇక నవ్వులాట చాలు. 2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు రోడ్డుమీద కుర్రాళ్లను ఆపి, ఫోన్లు తీయించి, వాట్సాప్‌లో ‘గంజాయి’ అని వెతికారు. వీడియోలు ఊరంతా చూసింది. అన్‌లాక్ చేసి చేతిలో పెట్టమంటే ఏ ఎన్‌క్రిప్షన్ కాపాడుతుంది? గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు ఒక్కమాటగా చెప్పారు కదా, ఆ తీర్పు పేరెత్తి ‘ఏ చట్టం కింద చూస్తున్నారు సార్?’ అని అడగడం నేర్పే మైమ్ ఒక్కటైనా ఉందా? ఉండదు. ముఖ్య అతిథిగా వచ్చేది ఆ పోలీసు శాఖవారే.

సందేశం మొదట ఎవరు పంపారో చెప్పమని 2021 ఐటీ రూల్స్‌లో రాసిందీ ప్రభుత్వమే. అందుకోసం ఎన్‌క్రిప్షన్ తెంచమంటే దేశంలో దుకాణం మూసుకోవడమేనని వాట్సాప్ 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టుకు చెప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడింది. హార్డ్ డిస్కులను ముక్కలు చేసి మూసీలో పడేశారన్నది దర్యాప్తు చేసినవాళ్ల ఆరోపణ. కాదనేవాళ్లు కోర్టులో కాదంటారు. ఎవరి ఫోన్లు విన్నారో వాళ్లకు మాత్రం ఏ అవగాహన సదస్సూ అక్కరకు రాలేదు.

కొత్త డేటా రక్షణ చట్టమూ అంతే. 17వ సెక్షన్ కింద కేంద్రం తన సంస్థల్లో దేన్నైనా నోటిఫికేషన్‌తో తప్పించేయొచ్చు. పౌరుడు తప్పుడు ఫిర్యాదు చేశాడని తేలితే 10,000 రూపాయల దాకా జరిమానా. పోస్టర్ పోటీలో ఈ రెండూ పక్కపక్కన రాసిన పిల్లకు బహుమతి ఇస్తారా? ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఆ పిల్ల నంబరున్న పీడీఎఫ్‌ను వెబ్‌సైట్ నుంచి ఇవాళే తీసేయండి.