గ్లాసు మీద పేరు

విశాఖపట్నంలో ఓడెక్కితే పోర్ట్ బ్లెయిర్ 56 గంటల దారి. అదీ సముద్రం కుదురుగా ఉంటే. బంకు క్లాసంటే కింది అంతస్తులో పెద్ద హాలు, ఒకదాని మీద ఒకటి పడకలు. రైల్లోలాగే ఉంటుంది, కాకపోతే మధ్యలో దిగిపోవడానికి స్టేషన్లు లేవు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ పడగొట్టేసింది. మరుసటేడు ఆ హాల్లో సగంమంది కవిటి, కంచిలి, సోంపేట వాళ్ళే. కొందరు కట్టుబడి పనికి, కొందరు చేపల పడవలకి. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ప్రతివాడికీ ఎవరో ఒకరున్నారు.

కంచిలి వైపు ముసలామె ఒకతె కొడుకు దగ్గరికి వెళుతోంది. ఓడ కదిలిన కాసేపటికి ఫోన్లకి సిగ్నలు పోయింది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆమె లేచి, "ఏ ఊరు బాబూ?" అంటూ హాలంతా తిరిగింది. వరస కలపడానికి ఉద్దానం వాళ్ళకి రెండు మాటలు చాలు. చీకటి పడేసరికి ఆమెకి ఇద్దరు మేనల్లుళ్ళు, ఒక వియ్యపురాలు, నలుగురు మనవలు తేలారు.

ఆమె దగ్గర ఒక స్టీలు గ్లాసుంది. పెళ్ళినాటిది. దాని మీద పెనిమిటి ఇంటిపేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. పన్నెండింట్లో మిగిలిందదే. తక్కినవి తుపాను రాత్రి ఇంటితోపాటు పోయాయి. అడిగినవాళ్ళకి ఇచ్చేది గానీ, తాగేదాకా కన్ను దాని మీదే. రాత్రి తలకింద పెట్టుకునేది. ఒక మేనల్లుడు టీ తాగి డెక్కు మీద మరిచిపోతే, నడుంనొప్పి మనిషి రెండు మెట్లవరసలెక్కి వెళ్ళి తెచ్చుకుంది.

రెండోరోజు సముద్రం లేచింది. పేకాట ఆగిపోయింది. ఎక్కడ చూసినా వాంతులే. మూల పై బంకులో కుర్రాడొకడు మరీ వడలిపోయాడు. ఎక్కిన దగ్గర్నుంచీ అతను ఎవరితోనూ మాట్లాడలేదు. వరసల్లోకీ రాలేదు.

"ఏటి నాయినా, అలగున్నావు? ఎప్పుడు తిన్నావేటి?"

తల అడ్డంగా ఊపాడు.

అతన్ని దింపి తన కింది బంకులో పడుకోబెట్టింది. కాంటీన్లో వేణ్ణీళ్ళు అడిగి తెచ్చి, తన చోడిపిండి కలిపి, బెల్లం వేసి, గ్లాసుతో పట్టించింది. తాగింది తాగినట్టే కక్కాడు. తుడిచింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ పట్టించింది. రాత్రంతా పక్కనే కూర్చుంది. ఆ రాత్రి గ్లాసు అతని తల దగ్గరే ఉంది.

తెల్లారేసరికి సముద్రం పడుకుంది. దీవులు కనిపిస్తున్నాయని పైనుంచి ఎవరో కేకేశారు. జనం మెట్ల మీద ఎగబడ్డారు. ఆమె కదల్లేదు. లేచి కూర్చున్న కుర్రాడికి జావ ఇచ్చి, ఎదురుగా చతికిలబడింది.

"ఇంతకీ ఏ ఊరు నాయినా మీది?"

చెప్పాడు. ఆమె మొహం విచ్చుకుంది.

"మా కన్నోరి ఊరే! ఏ వీధి? ఎవులబ్బాయివి?"

"ఊళ్ళో కాదమ్మా. ఊరికవతల. చెరువుగట్టు కింద."

ఆమె చేతిలో జావగిన్నె ఉంది. దాని మీద మూత పెట్టింది.

అతను తాగడం ముగించాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి గ్లాసు కడిగి తెచ్చి, చాపాడు.

"ఉంచుకో నాయినా," అంది. "నీకే. దారిలో పనికొస్తాది."

వియ్యపురాలు నోరెళ్ళబెట్టింది. ప్రాణంలా చూసుకున్న గ్లాసుని ముక్కూమొహం తెలియని కుర్రాడికి ఇచ్చేసిందని బంకు బంకుకీ వెళ్ళి చెప్పింది. సాయంత్రం హడ్డో రేవులో ఓడ ఆగేసరికి ఆమె దొడ్డమనసు గురించి వినని వాళ్ళు లేరు. మేనల్లుళ్ళు పోటీపడి ఆమె మూటలు మోశారు.

కుర్రాడు ఆఖర్న దిగాడు. దిగేముందు సంచి జిప్పు లాగి గ్లాసు లోపల పెట్టాడు. అందులో అప్పటికే రెండు స్టీలు గ్లాసులున్నాయి. ఒకదాని మీద ఒక ఇంటిపేరు, రెండోదాని మీద ఇంకొకటి.