మారుపేరుకు లొంగని గిటారు

కష్టాన్ని హాయిగా చెప్పుకోవడంలో బ్లూస్ సంగీతానికి సాటి లేదు; అమెరికా దక్షిణాది నల్లజాతి శ్రామికుల పాటల నుంచి పుట్టిన ఈ రీతి, తరచుగా పన్నెండు ఆవర్తాల చట్రంలో, పోయిన ప్రియురాలినీ రాని జీతాన్నీ ఒకే ఊపులో తలుచుకుంటుంది. 1965 సెప్టెంబరులో మౌత్ ఆర్గన్ వాద్యకారుడు జూనియర్ వెల్స్ షికాగోలో రికార్డు చేసిన తొలి ఆల్బమ్ 'హూడూ మ్యాన్ బ్లూస్' నేటికీ శ్రోతలను వదలకపోవడంలో ప్రతిభకు ఎంత వాటా ఉందో, ఇబ్బందులకూ ఇంచుమించు అంతే వాటా ఉంది.

మొదటి ఇబ్బంది చట్టానిది. గిటారు వాయించిన బడ్డీ గైకి చెస్ రికార్డు కంపెనీతో ఒప్పందం ఉందన్న జంకుతో, ఈ ఆల్బమ్‌ను వెలువరించిన డెల్‌మార్క్ సంస్థ అధిపతి బాబ్ కోస్టర్ అతని పేరును అట్టపై 'ఫ్రెండ్లీ చాప్' అని అచ్చు వేయించాడు. ఆంగ్లంలో రెండు పేర్లకూ అర్థం దాదాపు ఒకటే గనక, ఇది పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిన చందమే అయింది. తరువాతి ముద్రణలలో అసలు పేరు దర్జాగా వచ్చి చేరింది.

రెండవది యంత్రానిది. గిటారు ధ్వనిని పెంచే యాంప్లిఫయర్ మధ్యలో మొరాయించగా, మరమ్మతు జరిగేలోపు గిటారును హామండ్ ఆర్గన్ తాలూకు లెస్లీ స్పీకర్‌కు తగిలించారు. చెక్కపెట్టెలో గిర్రున తిరిగే కొమ్ముతో నాదాన్ని వెదజల్లే ఈ పరికరం చర్చిలలో భక్తులకు సుపరిచితం కావడంతో, మద్యశాలల్లో ఆరితేరిన గిటారుకు కాసేపు అనుకోని దైవభక్తి అబ్బింది.

అసలు ఆకర్షణ మాత్రం కోస్టర్ చూపిన ఉదారతలో ఉంది. జూక్‌బాక్స్‌లో నాణెం వేస్తే మోగే పొట్టి పాటలు, అంటే సింగిల్స్, రాజ్యమేలుతున్న కాలంలో అతడు రాత్రి క్లబ్బులో వాయించినట్టే వాయించమని వాద్యబృందాన్ని వదిలేశాడు. పియానో లేదు, బాకాలు లేవు. గిటారు, జాక్ మయర్స్ బాస్, బిల్లీ వారెన్ డ్రమ్స్ మధ్య చాలినంత ఖాళీ మిగిలింది. వెల్స్ మౌత్ ఆర్గన్‌తో ఒక పలుకు పలికి, నాలుకతో టక్కుమనిపించి, చిన్నగా మూలిగి ఆగితే, ఆ ఖాళీలోకి గిటారు రెండు ముక్కలు విసిరి తప్పుకుంటుంది.

కాసుకు ఇన్ని నిమిషాలని పాటను కొలిచిన వ్యాపారులు ఆ ఏడాది బాగానే గడించి ఉండవచ్చు; కొలవడం మానుకున్న కోస్టర్‌కు మాత్రం ఈ రికార్డు అమ్మకం ఆపే వీలే దొరకలేదు.