షెడ్డులో పగలు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

చోకు తీసి వైచి, సోదరా! స్టార్టరు
నూడదీసి, ఫేజు నొక్క కొసకు,
న్యూట్రలవలి కొసకు నూతన ట్యూబున
గలిపి, స్విచ్చు వేయ గదికి బగలు!

అవతారిక. ఈ పద్యకర్త ఎవరో తెలియదు. పెరట్లో ఉన్న మరమ్మతుల షెడ్డు తలుపుకు లోపలివైపు సుద్దముక్కతో రాసి ఉండగా దొరికింది. అక్షరాలు పైకి పోయేకొద్దీ వంకర తిరగడాన్ని బట్టి కవి నిచ్చెన మీద నిలబడి రాశాడని ఊహించవచ్చు. కాలనిర్ణయం అంత కష్టం కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కొట్టిన తర్వాత విశాఖ వీధులు ఎల్‌ఈడీలకు మారాయి. 2015 జనవరిలో మొదలై తర్వాత ఉజాలా అని పేరుపడిన పథకం ఆ బల్బును వంటింటి దాకా తెచ్చింది. షెడ్డు మాత్రం హాల్లోంచి దించేసిన 40 వాట్ల ట్యూబులైటుతోనే కాపురం చేస్తూ వచ్చింది. ఇంట్లో పనికిరాదన్న ప్రతి వస్తువుకూ షెడ్డులో ఉద్యోగం దొరుకుతుంది కదా. కాబట్టి ఇది ఇల్లంతా మారాక, అందరికంటే చివర షెడ్డు వంతు వచ్చినప్పుడు పుట్టిన పద్యం.

ప్రతిపదార్థం. చోకు = ట్యూబు పట్టీలో దాక్కుని జుమ్మని మూలుగుతూ, వేడెక్కుతూ, ట్యూబు తాగే కరెంటుకు తోడు తానూ పది వాట్లకు పైగా మింగే తీగచుట్టను; తీసి వైచి = విప్పి పక్కన పెట్టి (‘వైచి’ అన్నాడని గోడ అవతలికి విసరరాదు. రాగి చోకైతే పాత సామాన్లవాడు తూకం వేసి మరీ కొంటాడు); సోదరా = ఓ ఎలక్ట్రీషియనూ; స్టార్టరును = ట్యూబు వెలిగే ముందు టిక్కుటిక్కుమనే డబ్బీని; ఊడదీసి = మెలితిప్పి లాగి; ఫేజును = టెస్టరు పెడితే వెలిగే తీగను; ఒక్క కొసకు, న్యూట్రలు = టెస్టరు పెట్టినా పలకని తీగను; అవలి కొసకు; నూతన ట్యూబున = కొత్త ఎల్‌ఈడీ ట్యూబునందు; కలిపి; స్విచ్చు వేయ = స్విచ్చు వేయగా; గదికి = షెడ్డుకు; పగలు = తెల్లవారుతుంది.

సంబోధన మీద ఒక మాట. ఎలక్ట్రీషియన్‌ను ‘సోదరా’ అని పిలిచే ఊరు తెలుగునేల మీద లేదు. ‘అన్నా’ అంటారు, చిన్నవాడైతే ‘తమ్ముడూ’ అంటారు. ‘అన్నా’ అంటే యతి పోతుంది, ఎలక్ట్రీషియన్ నిలుస్తాడు. ‘సోదరా’ అంటే యతి నిలుస్తుంది, ఎలక్ట్రీషియన్ అనుమానంగా చూసి ఇంకో ఇంటికి పోతాడు. కవి యతి వైపు మొగ్గాడు. ఇల్లుగలవాడు అలా మొగ్గకూడదని నా అభిప్రాయం.

ఆక్షేపణ. ఈ గ్రంథానికి మంగళాచరణం లేదు. ఎత్తుకోవడమే చోకు తీయమన్నాడు. అంతకుముందు మెయిన్ ఆపాలి, ఆపాక కూడా టెస్టరు పెట్టి చూడాలి. ఈ పనిలో అదే మంగళం, అదే ఇష్టదేవతా స్తుతి. ‘స్విచ్చు ఆపాం కదా’ అనేవాళ్ళకు సమాధానం: పాత వైరింగులో స్విచ్చు ఫేజు మీద కాక న్యూట్రల్ మీద పడి ఉండటం మామూలే. అప్పుడు స్విచ్చు ఆపినా ట్యూబు పట్టీలో కరెంటు కాచుకునే ఉంటుంది. ఎల్‌ఈడీ పెట్టాక ఈ గుట్టు దానంతటదే బయటపడుతుంది. రాత్రి స్విచ్చు ఆపినా కొన్ని ట్యూబులు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి. ఇంట్లోవాళ్ళు దెయ్యమంటారు, షాపువాడు పీసు లోపమంటాడు. చాలాసార్లు తప్పు స్విచ్చుదే. దాన్ని ఫేజు మీదికి మారిస్తే దెయ్యం దిగిపోతుంది.

పాఠాంతరం. ‘ఫేజు నొక్క కొసకు, న్యూట్రలవలి కొసకు’ అన్నచోట వ్యాఖ్యాతలు రెండు జట్లుగా చీలిపోయారు. రెండు తీగలూ ఒక్క కొసకే ఇవ్వాలనీ, అవతలి కొస ఊరికే పట్టుకుని ఉండటానికేననీ రెండో జట్టు వాదన. చిత్రమేమిటంటే ఇద్దరి మాటా నిజమే, ట్యూబులు రెండు రకాలవీ ఉన్నాయి. రెండు కొసల రకంలో సాధారణంగా ఒక కొసనున్న రెండు పిన్నులూ లోపల కలిసే ఉంటాయి. దానికి రెండో జట్టు పాఠం ప్రకారం తీగలిస్తే ఎంసీబీ ఠప్పున పడి శాస్త్రచర్చ అక్కడితో ముగుస్తుంది. కవి పాఠంలోనూ ఒక ముల్లుంది. కరెంటు ఉండగా ఒక కొస దూర్చి, రెండో కొస చేతిలో పట్టుకుంటే ఆ పిన్నులు కొట్టవచ్చు. ఇలాంటి చోట గురువుగారి మాట కన్నా, యూట్యూబు మాట కన్నా, ట్యూబు ఒంటి మీద అచ్చువేసిన బొమ్మే ప్రమాణం. అది శాసనం. మిగతావన్నీ పుక్కిటి పురాణాలు.

అధ్యాహారం. చోకు సంగతి చెప్పాడు, స్టార్టరు సంగతి చెప్పాడు, దించిన పాత ట్యూబు ఏమయిందో చెప్పలేదు. అందులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. ‘పగలకుండా విడిగా దాచి, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకిచ్చి’ అని చేర్చుకుని చదువుకోవాలి. పిల్లలు దాన్ని కత్తిగా పుచ్చుకుని యుద్ధాలాడే ఆచారం ఈ ముక్కతో రద్దు.

ఇక పద్యం ప్రాణమంతా చివరి పదంలో ఉంది. పగలు అంటే ఏమిటి?

పూర్వపక్షం షాపువాడిది. పగలంటే 6500 కెల్విన్, అట్ట మీద కూల్ డే లైట్ అని రాసి ఉంటుంది, తీసుకెళ్ళండి, అంటాడు. ఈ వాదం నిలవదు. 6500 అనేది ఆ తెలుపులో నీలి ఛాయ ఎంతో చెబుతుంది, అంతే. పగటికి ఉన్న మిగతా గుణాల గురించి నోరు విప్పదు.

మొదటి గుణం నిలకడ. సూర్యుడు రెప్పవేయడు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక రాగి చోకు ట్యూబు సెకనుకు 100 సార్లు రెప్పవేస్తుంది. కంటికి తెలియదు గాని తిరిగే యంత్రానికి తెలుసు. నిమిషానికి 2000 చుట్లు తిరిగే లేత్ చక్‌ను తీసుకోండి. దానికి మూడు దవడలు. సెకనుకు 100 సార్లు ఏదో ఒక దవడ అదే చోటికి వస్తుంది. దీపమూ అన్నిసార్లే మెరుస్తుంది. ఫలితం, గిర్రున తిరుగుతున్న చక్ ఆగిపోయినట్టు కనిపించవచ్చు. 1440 చుట్ల మోటారుకు నాలుగు చువ్వల పుల్లీ ఉంటే అది నింపాదిగా వెనక్కి నడుస్తున్నట్టుంటుంది. అలంకారశాస్త్రంలో దీన్ని భ్రాంతిమంతమంటారు. షెడ్డులో వేలు పోవడమంటారు. ఫ్యాక్టరీలో పక్కపక్క దీపాలను మూడు ఫేజులకు పంచి ఈ మాయను పలచన చేస్తారు. ఇంటి షెడ్డుకు వచ్చేది ఒక్క ఫేజే. ఎల్‌ఈడీ వస్తే ఇదంతా పోతుందని కవి ధీమా. కానీ చవక ట్యూబులో కరెంటును నిలకడపరచాల్సిన డ్రైవరు పేరుకే ఉంటుంది. అదీ సెకనుకు 100 సార్లు రెప్పవేస్తుంది. పాత ట్యూబు పూతలో కాస్త మెరుపు మిగిలి మధ్యలో ఆదుకునేది, ఎల్‌ఈడీలో ఆ దయ ఇంకా తక్కువ. కొనేముందు షాపులోనే వెలిగించి ఫోను కెమెరా గురిపెట్టండి. తెర మీద నల్లచారలు పాకితే ఆ ట్యూబు వరండాకు పనికొస్తుంది, గ్రైండరు మీదికి పనికిరాదు.

రెండో గుణం రంగు. తెల్లటి ఎల్‌ఈడీ పుట్టుకతో తెల్లది కాదు. లోపల ఉన్నది నీలి చిప్పు, దాని మీద పసుపుపచ్చ పూత, రెండూ కలిసి తెలుపు. ఆ నీలాన్ని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ కలగలుపు తెలుపులో ఎరుపు పాలు తక్కువ. పప్పులో కరివేపాకు వెతుక్కోవడానికి అది అడ్డం కాదు గాని, రెసిస్టరు మీద గోధుమ, ఎరుపు, నారింజ గీతలు వరుసగా ఉంటే ఒకదానికొకటి కవలల్లా కనిపిస్తాయి. అట్ట మీద సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయన్న కొలత) 80 అని ఉంటుంది. ఆ సగటు ఎనిమిది లేత రంగులతో వేసింది, ముదురు ఎరుపును అందులో కూర్చోబెట్టలేదు. సోల్డరింగ్ బల్లకూ, చెక్కకు పాలిష్ పెట్టేవారికీ 90 ఉన్నది ఒక్కటైనా కావాలి. ధర ఎక్కువే. తప్పు రెసిస్టరు వేస్తే కాలిపోయే బోర్డు ధరతో పోల్చి చూసుకోండి.

మూడోది దిక్కు. పగటి వెలుగు నలుమూలల నుంచీ వస్తుంది. షెడ్డు ట్యూబుది పాత మేకు ఎక్కడుంటే అక్కడి నుంచి వస్తుంది, ఆ మేకు ఎప్పుడూ మనిషి వీపు వెనకే ఉంటుంది. కొత్త ట్యూబును అదే పట్టీలో బిగిస్తే మన నీడ ఇంకా నల్లగా మన పని మీదే పడుతుంది. పట్టీని బల్ల ముందంచుకు పైగా జరపాలి. ఒకటి కాక రెండు ఎడంగా పెడితే ఒకదాని నీడను ఒకటి చెరుపుతాయి. నన్నడిగితే పద్యంలో ‘నూతన ట్యూబు’ కన్నా ‘నూతన మేకు’ ముఖ్యం. కవికి అది తట్టలేదు.

‘నూతన’ అన్నది ఎన్నాళ్ళు? అట్ట మీద 25,000 గంటలు, అంటే రోజుకు ఐదు గంటల చొప్పున పదమూడేళ్ళ పైమాట. చిప్పులు అన్నాళ్ళూ బతకగలవు. వాటి వెనకున్న డ్రైవరులోని కెపాసిటరుకు వేడి పడదు. రెంటచింతల వైపు రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం రేకుకు ఆనించి బిగిస్తే పదమూడేళ్ళ మాట మరచిపోవాలి. జానెడు కిందికి వేలాడదీయడం మేలు.

విశేషం. తొలకరికి ట్యూబులైటు చుట్టూ ముసిరే ఉసిళ్ళు ఎల్‌ఈడీకి అంతగా రావు, ఇందులో అతినీలలోహిత కాంతి దాదాపు లేదు కనుక. గోడమీది బల్లి ఈ మార్పును ఇంకా ఆమోదించలేదు.

అలంకారం అతిశయోక్తి. లెక్క ఇదీ. 20 వాట్ల ట్యూబు సుమారు 2000 ల్యూమెన్లు ఇస్తుంది. మసిబారిన గోడలూ, దుమ్మూ కలిసి అందులో సగం మింగేస్తాయి. పది అడుగులకు పన్నెండడుగుల షెడ్డంటే 11 చదరపు మీటర్లు. బల్ల మీదికి చేరేది 90 లక్స్. మామూలు బల్లపనికే 300 కావాలి, సన్నపనికి ఇంకా చాలా. ఆరుబయట ఎర్రటి ఎండ లక్ష లక్స్ దాటుతుంది. కాబట్టి ఒక్క ట్యూబుకు ‘బగలు’ చెల్లదు, ‘గదికి సంజ’ అని దిద్దాలి. యతికి భంగం లేదు, గణమూ సరిపోతుంది. గోడలకు వెల్ల వేయించి, మరో మూడు ట్యూబులు బిగించాక కవిగారు వచ్చి పాత పాఠాన్ని అడిగితే అప్పుడు ఆలోచిద్దాం.